గొంతు పోయిన ఆషాఢం

ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున్నే నర్సు వచ్చి పేరు చెప్పమంది. చెప్పాను. ఆమె కాస్త వంగి, "గట్టిగా చెప్పండమ్మా" అంది. మళ్ళీ చెప్పాను. అప్పుడు తెలిసింది, మధులత అన్న నా పేరు నా నోరు దాటి బయటికి రాలేదని. వచ్చింది ఉత్త గాలి. పంక్చరైన ట్యూబులోంచి జారిపోయే గాలిలాంటిది.

మెడలో గడ్డ ఉంటే పంజాగుట్టలో ఒక ఆస్పత్రిలో తీయించుకున్నాను. గడ్డ చెడ్డది కాదన్నారు. కాని గొంతుకు పోయే నరం ఆ గడ్డ మధ్యలోంచే పోతోందట. ఎంత జాగ్రత్తపడ్డా విడదీయడం కుదరలేదని సర్జన్ మంచం పక్కన కూర్చుని, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. గొంతు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. దేనికైనా సిద్ధంగా ఉండమన్నాడు. నేను తల ఊపాను. నీళ్ళు తాగబోతే దగ్గొచ్చి ముక్కులోంచి బయటికొచ్చాయి.

నేను బతికేదే గొంతు మీద. మైత్రీవనం వెనక ఒక ఇన్‌స్టిట్యూట్‌లో స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పేదాన్ని. పక్క గదిలో జావా, పై గదిలో టెస్టింగ్, కింద రోడ్డు మీద బస్సుల హారన్లు. వాటన్నిటి మీదుగా చివరి బెంచీ దాకా మైకు లేకుండా వినిపించే గొంతు నాది. ఆదివారం అదే గొంతుతో చర్చిలో పాడేదాన్ని. అమీర్‌పేటలో ఒక పాత కాంప్లెక్సు మూడో అంతస్తు మా చర్చి. కింద హాస్టల్ మెస్సులో పప్పు తాలింపు వేస్తుంటే ఆ వాసన మా ప్రార్థనల్లోకి వచ్చేది.

ఇంట్లో చర్చికి వెళ్ళేది నేనొక్కదాన్నే. పెళ్ళికి ముందు నుంచీ అంతే. తెలిసే చేసుకున్నాడు విక్రమ్. అత్తమ్మ చంద్రమ్మది ఎల్లమ్మ భక్తి. యూసుఫ్‌గూడలో మాకున్న రెండు గదుల్లో ఒక గోడకు ఆమె ఎల్లమ్మ, ఎదుటి గోడకు నా సిలువ. ఒకరి గోడ జోలికి ఒకరం పోయేవాళ్ళం కాదు.

ఆ నెల స్వస్థత కూడికలో పాస్టర్ చక్రపాణి గారు నన్ను వేదిక మీదికి పిలిచారు. మనిషి చెడ్డవారు కాదు. గుంటూరు వైపు నుంచి వచ్చి, ఈ చర్చిని నలుగురితో మొదలుపెట్టి నిలబెట్టినాయన. నేను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ వచ్చి విక్రమ్ పక్కన కూర్చుని, అతనికి టీ తెచ్చిచ్చి వెళ్ళేవారు. ఆ రోజు నా తల మీద చెయ్యి వేసి ప్రార్థించారు. హాలంతా చేతులెత్తి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ నిమిషంలో నాకున్నంత నమ్మకం ఆ హాలులో ఇంకెవరికీ ఉండి ఉండదు. ఆయన మైకు నా చేతికిచ్చి, "పాడమ్మా మధులతా. దేవుడు చేసేశాడు, పాడు" అన్నారు.

నోరు తెరిచాను. నా గాలిని మైకు పెద్దది చేసి హాలంతా వినిపించింది. స్తోత్రం అనబోయిన వాళ్ళెవరో మధ్యలో ఆగిపోయారు.

ఆయన మైకు వెనక్కి తీసుకున్నారు. "ఏదో అడ్డు ఉందమ్మా. మనసులో వెతుక్కో. ఆయన దగ్గర లోపం ఉండదు కదా" అన్నారు. నెమ్మదిగానే అన్నారు. కాని మైకులో అన్నారు.

కూడిక అయ్యాక పాటల బృందంలో కొన్నాళ్ళు నిలబడవద్దని కూడా చెప్పారు. స్వస్థత వచ్చి, అది అందరి ముందూ సాక్ష్యంగా చెప్పాక మళ్ళీ పాడుదువుగాని అన్నారు.

విక్రమ్ వెనక వరుసలో కూర్చుని అంతా చూశాడు. బండి మీద ఇంటికి వచ్చాం. తలుపు తీస్తూ అన్నాడు, "ఇంక ఆడికి పోకు మధు."

"పోత" అన్నాను. వినపడక చెవి దగ్గరికి తెచ్చాడు. మళ్ళీ చెప్పాను.

"ఎందుకు? గంతమంది ముందట నిన్ను తప్పు చేసినదాని లెక్క నిలబెట్టిండ్రు. ఇజ్జత్ తీసిండ్రు."

"నాకు మాట్లాడేది ఉంది."

"పాస్టర్ తోటా?"

"కాదు."

అతను నా మొహంలోకి చూసి, హెల్మెట్ కొక్కేనికి తగిలించాడు.

మాట్లాడేది ఉందని అన్నాను గాని, ఎలా మాట్లాడాలో నాకు తెలియలేదు. మోకాళ్ళ మీద కూర్చుంటే అలవాటైన మాటలే వచ్చేవి. స్తోత్రం, కృతజ్ఞత, నీ చిత్తం. అవన్నీ మనసులో అనుకుని లేచేదాన్ని. గోడతో మాట్లాడినట్టుండేది. గోడైనా నయం, చెయ్యి చాపితే తగులుతుంది. ఏం చేశానో వెతుక్కోమన్నారు కదా అని వెతుక్కున్నాను కూడా. చిన్నప్పటి నుంచి ఆడిన అబద్ధాలన్నీ తవ్వి తీశాను. వాటిలో గొంతు తీసేసేంతటిది ఏదీ దొరకలేదు. ఇన్‌స్టిట్యూట్‌లో యజమాని రాగసుధ మేడమ్ నన్ను పేపర్లు దిద్దే పనికి మార్చారు. గాజు పలక అవతల నా క్లాసు ఇంకొకామె చెబుతుంటే, ఆమె పెదాలు కదలడం చూస్తూ కూర్చునేదాన్ని.

బోనాల ఆదివారం వచ్చింది. ఆ ఆదివారం నేను చర్చికి వెళ్ళలేదు. అత్తమ్మ కుండకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపకొమ్మలు గుచ్చుతోంది. పని చేస్తూనే ఎవరినో తిడుతోంది. చిన్న గొంతుతో, ఆపకుండా, మంచి పదునైన తిట్లు.

దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. "ఎవర్ని తిడుతున్నవ్ అత్తమ్మా?"

"ఇంకెవరిని, ఎల్లమ్మనే."

"బోనం చేసుకుంట తిడతవా?"

"చేసుకుంటనే తిడత. కొత్తగనా? నా బిడ్డ జ్వరంతోటి సచ్చిపోయిన ఏడు మస్తు తిట్టిన. నీ కండ్లు పోయినయా అన్న. నీకు ఇంక బోనం ఎవ్వరు పెడతరో చూస్త అన్న." కొమ్మ సరిచేసింది. "మళ్ల నేనే పెట్టిన."

విక్రమ్‌కు అక్క ఉండేదని తెలుసు. ఫొటో చూశాను. ఆ పిల్ల గురించి అత్తమ్మ నోట వినడం అదే మొదలు.

"నువ్వు నీ దేవున్ని తిట్టినవా?" అని అడిగింది.

తల అడ్డంగా ఊపాను. "మా దగ్గర గట్ల అనొద్దు."

"అనొద్దా? మరి ఆయన నీకేమైతడు?" నా వైపు తిరిగింది. "పరాయోల్లతోటి మర్యాదగ మాట్లాడ్తం. మనోల్లను తిడతం. మర్యాద చేసి చేసి ఆయనను పరాయోన్ని చేసుకున్నవేమో సూస్కో."

నన్ను ఓదార్చాలని అన్న మాట కాదది. అత్తమ్మ చీర కొంగు నడుముకు దోపుకుంది, బోనం తలకెత్తుకుంది, కింద డప్పులు వినిపిస్తుంటే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం తుంపర మొదలైంది. ఆరేసిన బట్టలు తీద్దామని మేడ మీదికి వెళ్ళాను. అక్కడ నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళు ఏడుపనుకున్నది కోపమని అప్పుడే తెలిసింది. అరుద్దామనుకున్నాను. అరవడానికి గొంతు లేదు. దాంతో ఇంకా మండింది.

ఉన్న గాలితోనే అన్నాను. "నువ్విచ్చిందే నువ్వు తీసుకున్నవ్, సరే. తీసుకుని నిందెందుకేసినవ్ నా మీద? నీకోసం పాడిన గొంతది. అడిగితే పలకవు. వెతుక్కోమంటవు. నేను వెతుక్కున్న. ఇప్పుడు నువ్వు చెప్పు. నేనైతే పోను. నువ్వు పొమ్మన్నా పోను. నిన్ను వదిలిపెట్టి మనశ్శాంతిగ బతకమంటే బతకను. ఈడనే కూర్చుంట, నీ ఎదురుంగ. చెప్పాల్సింది నువ్వు."

పక్క మేడ మీద ఒకాయన నీళ్ళ ట్యాంకు మూత పెడుతూ నన్ను చూశాడు. నా నోరు కదులుతోంది, శబ్దం లేదు. చూపు తిప్పుకున్నాడు.

జవాబు రాలేదు. బట్టలన్నీ తడిసిపోయాయి.

కిందికొచ్చి తల తుడుచుకుంటుంటే ఒక సంగతి మనసులోకి వచ్చింది. కొత్తదేం కాదు. ఏటా గుడ్ ఫ్రైడేకు వింటున్నదే, నేను పాడిందే. సిలువ మీద ఆయనా తండ్రిని అడిగాడు, నన్నెందుకు విడిచిపెట్టావని. గొణుక్కోలేదు, కేక వేసి అడిగాడు. మర్యాద చూడలేదు. ఆ మధ్యాహ్నం ఆయనకూ పైనుంచి జవాబు రాలేదు. మరి ఆయనలో ఏ అడ్డు ఉందంటారు? ఆయన్ని ఏం వెతుక్కోమంటారు?

మూసిన తలుపు ముందు నేనొక్కదాన్నే నిలబడ్డానని అనుకున్నాను. నాకంటే ముందు ఆయన వచ్చి నిలబడి ఉన్నాడు. తలుపు అవతల కాదు, ఇవతల, నా పక్కన. తడి తువ్వాలు చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నాను. కోపం తగ్గిందని చెప్పను. కాని దిక్కులేనిదాన్నన్న భావం ఆ పూట నన్ను వదిలింది.

తర్వాతి ఆదివారం చర్చిలో తిన్నగా వెళ్ళి పాటల బృందంలో నా పాత చోట నిలబడ్డాను. చుట్టూ ఉన్న పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దావిడ నాగేశ్వరి అక్క మాత్రం కొంచెం జరిగి నాకు చోటిచ్చింది. పాస్టర్ గారు పక్కకు వచ్చి, "మధులతా, ఇంకొన్నాళ్ళు ఆగుదామా అమ్మా?" అన్నారు.

"ఆగను అయ్యగారూ."

"గొంతు రాకుండా ఏంటమ్మా పాడేది?"

"ఉన్నదే పాడుత. ఇయ్యాల ఆయనకు గిదే ఉంది నా దగ్గర."

ఆయన ఏదో అనబోయారు. కీబోర్డు మొదలైంది, వెనక్కి తగ్గారు. నా ముందున్న మైకు ఆపేశారు. పాడాను. బుస కొట్టినట్టుంది. రెండు లైన్లకే ఊపిరి అయిపోయి, మళ్ళీ అందుకుని పాడాను. చిన్నపిల్లలు వెనక్కి తిరిగి చూశారు. చూడనిచ్చాను.

ఇన్‌స్టిట్యూట్‌లోనూ కాలర్ మైకు పెట్టించమని మేడమ్ వెంటపడి, నా క్లాసు నేను తిరిగి తీసుకున్నాను. గొంతు అప్పుడు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

శ్రావణం మొదట్లో ఒక రోజు నాగేశ్వరి అక్క ఫోన్ చేసింది. ఆమెది విజయవాడ. భర్త రాజనర్సయ్య గారిది సిద్దిపేట దగ్గర పల్లె, ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైన మనిషి. లివర్ పాడైంది, పంజాగుట్టలో ఆస్పత్రిలో ఉన్నాడు. చర్చిలో అందరూ ఆయన కోసం ఉపవాసాలున్నారు.

"ఒకసారి వస్తావా మధులతా? ఆయన నిన్ను పాడమంటున్నారు" అంది.

"నా గొంతు సంగతి తెలుసు కదక్కా."

"తెలుసు. ఆ గొంతే కావాలంటున్నారు. మంచి గొంతులవాళ్ళంతా వచ్చి, లేస్తారు లేస్తారు అని పాడి వెళ్ళిపోతున్నారంట."

మధ్యాహ్నం క్లాసు అయ్యాక వెళ్ళాను. కిటికీ పక్క మంచం. పొట్ట ఉబ్బి, చేతులు పుల్లలై ఉన్నాయి. కళ్ళు పచ్చగా ఉన్నా చూపు మాత్రం చురుగ్గానే ఉంది. నన్ను కూర్చోమన్నాడు.

"బిడ్డా, నన్ను సూడొచ్చినోల్లంత లేస్తవ్ లేస్తవ్ అంటున్నరు. నేను లేస్తలేను. నా పానం నాకు తెల్వదా? లేవకపోతే నాకు ఇశ్వాసం తక్కువున్నట్టట. అంటే సచ్చుడు సుత నా తప్పే అయిపాయె."

"ఏంటండీ ఆ మాటలు" అంది అక్క.

"నువ్వు జర ఆగు నాగేశ్వరి. గీ పిల్లను అడగనియ్యి." నా వైపు తిరిగాడు. "దేవుడు నన్ను ఇడిచిపెట్టిండా?"

కాదని చెప్పడానికి అందరి దగ్గరా మాటలుంటాయి. నేను ముందుకు వంగాను, నా మాట అందాలంటే అంత దగ్గరికి పోవాలి.

"మీకు గట్ల అనిపిస్తుందా పెద్దనాయనా?"

"అనిపిస్తుంది."

"నాకు సుత అనిపిస్తది. సిలువ మీద ఆయనకు సుత అనిపించింది. ఎందుకు ఇడిచిపెట్టినవని మొత్తుకుండు."

"ఎరుకే." దిండు మీద తల కొంచెం ఎత్తాడు. "జవాబు చెప్పిండ్రా ఆయనకు?"

"అప్పుడు చెప్పలే."

"మరెప్పుడు?"

"మూడోనాడు. సమాధిలకెళ్లి లేపిండు."

ఆయన నన్నే చూశాడు. పెదాల చివర నవ్వులాంటిది కదిలింది. "అంటే ముందుగాల సావాలె."

"సావాలె."

"గిది ఎవ్వరు చెప్పలే నాకు ఇన్ని దినాలు. అందరు సావకుంట పోయే తొవ్వే చెప్పిండ్రు." కళ్ళు మూసుకున్నాడు. "గిట్లైతే నాకు సమ్మతే. పాడు బిడ్డా."

ఏదో ఒక పాత కీర్తన ఎత్తుకున్నాను. అక్కా గొంతు కలిపింది. పక్క మంచం దగ్గర కూర్చున్న అమ్మాయి ఫోనులో పెట్టుకున్న సినిమా ఆపింది. ఊపిరి చాలక నేను ఆగిన చోటల్లా అక్క ఆగింది. ముందుకు పోయి నన్ను వదిలిపెట్టలేదు. కీర్తన అయ్యేసరికి ఆమె ఏడుస్తోంది. ఇన్నాళ్ళూ ఏడిస్తే అవిశ్వాసం అంటారని బిగబట్టుకుందట. ఆయన చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఏడువు" అన్నాడు. "ఏడ్వనియ్యలే నిన్ను ఎవ్వరు."

ఆ తర్వాత వీలైనప్పుడల్లా వెళ్ళాను. ఇంటికి తీసుకెళ్ళాక ఇంటికీ వెళ్ళాను. శ్రావణం దాటలేదు, ఒక పొద్దున నిద్రలోనే పోయాడు.

సమాధుల తోటకు విక్రమ్ బండి మీద తీసుకెళ్ళాడు. గేటు దగ్గర దింపి వెళ్ళిపోతాడనుకున్నాను. వాన పడుతోందని గొడుగు విప్పి నాతోపాటు లోపలికి వచ్చాడు. శవపేటిక దింపారు. పాస్టర్ గారు ప్రార్థన చేసి, పాడే పిల్లల వైపు చూశారు. నాగేశ్వరి అక్క తల ఎత్తింది.

"మధులత పాడుతుందండీ. ఆయన చెప్పి వెళ్ళారు."

"వానలో వెనకున్న వాళ్ళకి వినపడదేమో అక్కా" అన్నారు పాస్టర్ గారు.

"వినాలనుకున్నవాళ్ళు దగ్గరికి వస్తారు" అంది.

నేను మొదలుపెట్టాను. గొడుగుల మీద వాన చప్పుడు నా గొంతుకంటే పెద్దది. విక్రమ్ గొడుగు నా మీదికి ఇంకొంచెం వంచి, తను తడుస్తూ నిలబడ్డాడు. ఒక్కొక్కరే ముందుకు జరిగారు. గొడుగుకు గొడుగు తగులుతుంటే కొందరు వాటిని మూసేశారు. ఆర్టీసీ డిపో నుంచి వచ్చిన ముసలి డ్రైవర్లు, చర్చికి ఎన్నడూ రాని మనుషులు, తలలు వంచి నా దాకా వచ్చి నిలబడ్డారు. మొదటి చరణం అయ్యేసరికి గుంట చుట్టూ అందరం ఒక ముద్దగా ఉన్నాం.

ఊపిరి తీసుకోవడానికి ఆగాను. పాస్టర్ గారు నా పక్కకు వచ్చి ఉన్నారు. నీళ్ళు కారుతున్నాయి మొహం మీద.

"లేస్తారని చెప్పాను మధులతా" అన్నారు, నాకు మాత్రమే వినపడేలా. "చివరిదాకా అదే చెప్పాను ఆయనకి."

"లేస్తడు అయ్యగారూ" అన్నాను. "మీరు చెప్పిన దినాన కాదు."

ఆయన గుంట అంచుకు నడిచారు. మైకు లేదు, వేదిక లేదు. చెప్పులు విడిచి తడి మట్టిలోకి దిగి, పిడికెడు మట్టి తీసి పేటిక మీద వేశారు. అక్క వేసింది. విక్రమ్ కూడా వంగి వేశాడు.

"రెండో చరణం" అంది అక్క.

ఎత్తుకున్నాను. కొంతదూరం పోయాక నా గొంతు కింద ఇంకో గొంతు వినిపించింది. పాస్టర్ గారిది. చర్చి మొత్తాన్ని కప్పేసే గొంతు ఆయనది. ఆ రోజు నా గొంతును మించిపోకుండా, నేను ఆగిన చోట ఆగుతూ, చిన్నగా పాడారు.